పచ్చికలో పాతిన పలక

మా ఆయన నూకరాజుకి కరెంటంటే భయం లేదు, పై ఆఫీసరంటే భయం. వైర్‌మ్యాన్‌గా పనిచేసే మనిషికి ఇది తిరగేసి ఉండాలి. పెళ్లయిన కొత్తలో ఆ మాటంటే ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. అది నవ్వాల్సిన విషయం కాదని నాకు పాండిచ్చేరిలో తెలిసింది.

ఎనభై ఒకటిలో ఆయన్ని యానాం నుంచి అక్కడికి బదిలీ చేశారు. కోసపాళయంలో అనంతరామన్ గారింటి ముందు వాటా అద్దెకు దొరికింది. వాళ్లూ తెలుగువాళ్లే. ఎన్ని తరాల కిందట వచ్చి స్థిరపడ్డారో వాళ్లకే తెలియదు. ఊరి బయట కాస్త పొలం కూడా ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అందులో సగం అరవం కలిసిపోయి ఉంటుంది. అనంతరామన్ గారి భార్య అంబుజం అక్క మొదటిరోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో పలకరిస్తే, ఊరుగాని ఊళ్లో నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నా నోట "ఆయ్" అన్న మాట విన్నప్పుడల్లా ఆవిడ నవ్వేది, ఆవిడ "యాడ", "ఏంది" విని నేను నవ్వేదాన్ని. మగవాళ్లిద్దరూ అన్నా, తమ్ముడా అని పిలుచుకునేవారు. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చింది అక్కే.

బావగారు, అంటే అనంతరామన్ గారు, వైట్ టౌన్‌లో సముద్రం దగ్గరున్న ఒక సర్కారు బంగళాలో తోట మేస్త్రీ. బంగళా ముందు పెద్ద లాన్ ఉంది. ఆ చలికాలమంతా దాని మీద షామియానాలు వేసి విందులు చేశారు. జనం తొక్కి తొక్కి నేల గట్టిపడిపోయింది. పోసిన నీళ్లు ఇంకక పైనే నిలబడేవి, గడ్డి ఎర్రబారిపోయింది. దానికి చేయాల్సింది ఒకటే అని బావగారు అనేవారు. ముందురోజు నేలను బాగా తడపాలి. నాలుగు ఇనుప ముళ్లున్న పారతో జానెడు జానెడు దూరంలో గుచ్చుకుంటూ పోవాలి. గుచ్చి ఊరికే పీకేస్తే లాభం లేదు, పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. అప్పుడే మట్టి వదులై గడ్డి వేళ్లకు గాలి తగులుతుంది. తర్వాత ఆ కన్నాల్లో ఇసుక నింపాలి. ఇదంతా ఆయన అన్నం తింటూ అక్కకు చెబుతుంటే గోడ ఇవతల నేను విన్నదే. గడ్డికి ఊపిరాడాలి అని ఒక మనిషి అంత దిగులు పడటం చూస్తే నాకు ముచ్చటేసేది.

ఆ పని సోమవారం మొదలుపెట్టాలనుకున్నారు. ఈలోగా తోట బావి మోటారుకు పోయే తీగ కాలిపోయింది. నేల తడపకుండా పని జరగదు కాబట్టి వెంటనే కొత్త తీగ వేయమని ఆఫీసరు మా ఆయన నెత్తిన కూర్చున్నాడు. శనివారం ఆయన లాన్‌కు అడ్డంగా తవ్వుతుంటే జానెడు లోతులోనే ఏదో పాత కట్టడం ఇటుక పునాది తగిలింది. దాన్ని పగలగొట్టడానికి మనుషులు లేరు. గోడ వెంట చుట్టూ తిప్పడానికి తీగ చాలదు. ఆ మాట ఆఫీసరుకు చెప్పాలి. చెబితే అరుస్తాడు. అందుకని మా ఆయన చెప్పలేదు. తీగను ఆ ఇటుకల మీదే పరిచి, మట్టి కప్పి, పైన గడ్డి పెళ్లలు అతికించి వచ్చేశాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన వేరే పని మీద కారైకాల్ వెళ్లే జీపు ఎక్కాలి. బావగారేమో పొలం దగ్గరున్నారు. సాయంత్రం నేరుగా బంగళాకు వెళ్లి, లాన్ తడిపించి ఇంటికొస్తారు. సంచిలో బట్టలు సర్దుకుంటూ మా ఆయన నాకు సంగతంతా చెప్పాడు. తీగ పైపైనే ఉంది, అక్కడ గుచ్చితే ప్రమాదం. ఆ మాటే చెక్క పలక మీద రంగుతో రాసి, సరిగ్గా తీగ ఉన్నచోటే పాతాడట. అన్న చూసి జాగ్రత్త పడతాడు, నువ్వు మాత్రం ఎవరి దగ్గరా నోరు విప్పకు అన్నాడు. తెలుగులో రాశాను కాబట్టి ఆఫీసరుకు అర్థం కాదు, అన్నకొక్కడికే అర్థమవుతుంది అని తన తెలివికి తనే మురిసిపోయాడు. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. రాత్రి బావగారు వచ్చిన అలికిడి విని నిశ్చింతగా పడుకున్నాను.

సోమవారం పొద్దున అక్క అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. అంతకుముందు బావి దగ్గర జారి మడమ బెణికింది, అడుగు తీసి అడుగు వేయలేదు. నేను పక్కన కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. బావగారు అప్పటికే వెళ్లిపోయారు.

"మీ ఆయనది మంచి మనసు తాయారూ," అంది అక్క. "పుల్లు బాగా రావాలని సామి పేరు రాసి నాటినాడు గదా. నిన్న అది చూసొచ్చి ఈయన కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు."

పుల్లంటే గడ్డి అని అప్పటికి నాకు తెలుసు. ఏ సామి పేరని అడిగాను.

"ఏ సామో మాకేం తెలుసు? తెలుగులో రాసినాడంట. మాకు తెలుగు చదవను రాదే."

నవ్వులాటకు అంటోందనుకున్నాను. బావగారికి వచ్చు కదా అన్నాను. ఆయనకు మాత్రం యాడ వస్తాదని అక్క ఎదురు ప్రశ్న వేసింది. చిన్నప్పుడు బడిలో తమిళం చెప్పారు, ఫ్రెంచి చెప్పారు, తెలుగు చెప్పే బడి ఈ ఊళ్లో ఎక్కడుంది అంది. వాళ్లింట్లో తెలుగు అక్షరాలున్న వస్తువు ఒకటే, పూజ గూట్లో ముత్తాతల నాటి రాగిరేకు. దాని మీద ఏముందో చదివినవాళ్లు లేరు. శుక్రవారం శుక్రవారం దానికి బొట్టు పెట్టి దండం పెట్టుకుంటారు. అందుకే నిన్న పచ్చికలో ఆ అక్షరాలు కనబడగానే బావగారు చెంపలేసుకున్నారట.

"పసుపు, కుంకుమ, నిమ్మకాయ ఎత్తుకొని పోయినాడు," అంది అక్క. "ఆ పలక కాడనే మొదులు పెడతాడంట. మంచి చోటు గదా."

చేతిలో వంకాయ జారి నీళ్ల గిన్నెలో పడింది. తెలుగు మాట్లాడే మనిషి బడికి పోయుంటే తెలుగు చదువుతాడనే మా యానాంలో ఎవరైనా అనుకుంటారు. మా ఆయన అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. గుచ్చొద్దని పెట్టిన పలకే ఆయన్ని పిలిచి అక్కడ గుచ్చమంటోంది.

చెప్పులేసుకుని చేస్తారు కదక్కా అని అడిగాను. ఛ, మన్నులో మొదటి ఇనుము దించేది ఇంటి పెద్ద, దానికి చెప్పులు విడవాల్సిందే, మా మామ నాగలి పట్టిన నాటి నుంచీ అంతే అంది అక్క. తడి నేల, ఉత్త కాళ్లు, చేతిలో ఇనప్పార. ఇంకేం మిగిలిందని నాకు ఏడుపొచ్చింది.

నోరు విప్పకన్న మొగుడి మాట ఒక్క క్షణం అడ్డొచ్చింది. చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎదురుగా ఉన్న ఈ మనిషి పసుపు కుంకుమలు పోతాయి. ఒక్క క్షణమైనా ఆలోచించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"అక్కా, అది దేవుడి పేరు కాదు. అక్కడ భూమిలో కరెంటుంది. గుచ్చొద్దని రాశాడు," అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. లేవబోయి, కాలు మడత పడి మళ్లీ అరుగు మీద కూలబడింది. నా మణికట్టు పట్టుకుంది, ఆ పట్టుకు గాజు చిట్లింది. ఏడవలేదు. రాహుకాలం పోయేదాకా ఆయన ఇనుము ముట్టడు, తొమ్మిది దాటాల, పరిగెత్తు అంది. గోడ గడియారం చూస్తే తొమ్మిదికి ఎంతో లేదు. ఆ వీధిలో ఎవరింట్లోనూ ఫోను లేదు.

"కాలవ దాటి, ఎండ మొగానే పో, సముద్రం వస్తాది. వాచ్‌మన్ వేలాయుధానికి తెలుగు రాదు. నిరుత్తు అని చెప్పు. ఆపమని."

నేను వీధిలో పడ్డాను. ఆ ఊళ్లో ఒంటరిగా కూరల అంగడి దాటి వెళ్లి ఎరగను. సందు మొదట్లో సైకిల్ రిక్షా కనబడితే ఎక్కి కూర్చుని చేతితో సూర్యుణ్ణి చూపించాను. రిక్షా అతను ఏదో అడిగాడు. నాకు వచ్చిన అరవమంతా కలిపి "సీక్కిరం" ఒక్కటే, త్వరగా అని. అదే పదిసార్లు అన్నాను. అతను నవ్వి తొక్కడం మొదలుపెట్టాడు, పెళ్లికి వెళ్తున్నంత తీరిగ్గా.

నాకు భయమేస్తే కోపం వస్తుంది. దారి పొడుగునా మా ఆయన్ని తిట్టాను. ఒక్క అరుపు పడి ఉంటే ఏం పోయేది? ఆఫీసరు అరుస్తాడు, అరిచి ఇంటికెళ్లి అన్నం తింటాడు, ఎవరూ చావరు. తిట్టడానికి మాటలు అయిపోయాక మళ్లీ భయం వచ్చింది. బావగారు పచ్చికలో పడి ఉన్నట్టు, అక్క ఆ కాలితోనే ఈడ్చుకుంటూ వస్తున్నట్టు, అందరూ మా వైపు తిరిగి చూస్తున్నట్టు కళ్లకు కట్టింది. మా ఆయన చేతులారా ఒక మనిషిని చంపినట్టవుతుంది. నేనేమో అంతా తెలిసి కూడా ఆ మనిషి ఇంట్లోనే రాత్రంతా నిద్రపోయాను.

కాలవ వంతెన మీద ఎడ్లబండి చక్రం ఊడి దారి మూసుకుపోయింది. రిక్షా దిగి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని పరిగెత్తాను. రిక్షా అతను వెనక నుంచి కేకలు పెట్టాడు, అతనికి కిరాయి ఇవ్వలేదని సాయంత్రం గానీ గుర్తు రాలేదు. అప్పుడే ఏదో చర్చి గంట కొట్టడం మొదలైంది. ఎన్ని కొట్టిందో లెక్కపెట్టే ధైర్యం లేక చెవులు మూసుకున్నాను.

వంతెన దాటాక వీధులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పసుపు గోడలు, మూసిన ఎత్తు తలుపులు, గోడల మీంచి వేలాడే కాగితం పూలు. ఒకసారి అక్కతో వచ్చినప్పుడు గేటు పక్కన నాగలింగం చెట్టు చూశాను, గుర్తున్నది అదొక్కటే. ఒక వీధి చివరిదాకా పోతే చెట్టు లేదు. వెనక్కొచ్చి ఇంకో వీధిలో దూరితే ఎర్రటోపీ పోలీసు ఆపాడు. లాన్, తోట, అనంతరామన్ అన్నాను, పార గుచ్చుతున్నట్టు చేతులతో చూపించాను. పిచ్చిదాన్నని అనుకుని ఉంటాడు. అయినా తోట అన్న మాట పట్టుకుని మూల వైపు వేలు చూపించాడు. నాగలింగం పూల వాసన ముందు తగిలింది, ఆ తర్వాత మోటారు రొద వినబడింది.

గేటు తోసుకుని లోపలికి పడ్డాను. ఇసుక తట్టలతో కూలి ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. చెప్పులు దారి పక్కన విడిచి ఉన్నాయి. లాన్ మధ్యలో బావగారు పంచె ఎగ్గట్టి, పాదాలు తడి గడ్డిలో కూరుకుపోయేట్టు నిలబడి ఉన్నారు. పక్కనే పలక, దాని మీద పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. పిడి దగ్గర్నుంచీ ఇనుమే అయిన పారను రెండు చేతులా పట్టుకుని, కుడికాలు దాని మీద వేసి ఒత్తారు. ముళ్లు సగానికి పైగా దిగాయి.

"బావగారూ, కదలకండి," అని అరిచాను. "ఊపకండి. కింద కరెంటుంది."

అన్నాళ్లలో ఆయన ముందు నేను గొంతెత్తింది అదే. తల తిప్పి నన్ను చూశారు. ఏం అర్థమైందో గానీ పార మీది కాలు అలాగే ఉంచేశారు. దగ్గరికెళ్లి ఆయన్ని లాగాలని ఉంది, తడి నేల మీద అడుగు వేయాలంటే కాళ్లు రాలేదు. వరండాలో ఖాకీ చొక్కా మనిషి నిలబడి చూస్తున్నాడు, వేలాయుధం అతనే అయ్యుండాలి. మోటార్ నిరుత్తు, నిరుత్తు అని అరిచాను. అతను తోట చివర షెడ్డు వైపు పరిగెత్తాడు. కాసేపటికి రొద ఆగిపోయింది.

తోటంతా నిశ్శబ్దమైంది. కూలి ఆడవాళ్లలో ఒకామె హమ్మయ్య అన్నట్టు తట్ట దించింది. బావగారు ఊపిరి వదిలి పార పీకడానికి పిడి మీద పట్టు బిగించారు. అసలు సంగతి నాకప్పుడు తట్టింది. మోటారు స్విచ్చి షెడ్డులో ఉంది. బంగళా నుంచి షెడ్డు దాకా తీగలో కరెంటు అలాగే ఉంటుంది. వైర్‌మ్యాన్ పెళ్లాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. మా ఆయన ఎక్కడ పనిచేసినా ముందు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు.

"వద్దు. ఇంకా ఉంది. కదలొద్దు," అన్నాను. అరుపు రాలేదు, గుసగుసలాగా వచ్చింది. ఆయన విన్నారు.

ఫ్యూజు, ఫ్యూజు అంటూ వేలాయుధానికి వరండా గోడకున్న ఫ్యూజుల పెట్టె చూపించాను. అతను షెడ్డు వైపు చేయి చూపించి, ఆపేశాను కదా అన్నట్టు తల ఊపాడు. అతనికి తెలుగు రాదు, నాకు అరవం రాదు, మధ్యలో ఒక మనిషి ప్రాణం పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు బావగారే, తల కూడా తిప్పకుండా, తమిళంలో మెల్లిగా ఏదో చెప్పారు. వేలాయుధం ముఖం మారిపోయింది. వరండాలోకి పోయి, తెల్ల పింగాణీ ఫ్యూజులన్నీ ఒడిలో వేసుకొచ్చి నా చేతుల్లో కుమ్మరించాడు. వాటిని గట్టిగా గుండెలకు అదుముకుని, ఇప్పుడు తీయండి అన్నాను.

పార వచ్చేసింది. వేలాయుధం చేత్తో మట్టి తోడాడు. ఇటుకల మీద నల్ల తీగ కనబడింది. ఒక ముల్లు దాని పై తొడుగు చీల్చుకుంటూ పోయి, లోపలి ఎర్ర తొడుగు దగ్గర ఆగింది. ఒక్కసారి పిడి ఊపి ఉంటే ఆ ఎర్రది కూడా తెగేది. బావగారు వంగి దాన్ని చూసి, అక్కడే తడిలో చతికిలబడిపోయారు.

కాసేపటికి పలక పీకి నా ముందు పెట్టారు. ఏం రాసినాడో చదువమ్మా అన్నారు. మా ఆయన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నీలం రంగుతో శ్రద్ధగా రాశాడు. చివరి మాటలు మింగేద్దామా అనిపించింది. మింగలేదు. "అన్నా, ఇక్కడ గుచ్చవద్దు. కింద మోటారు తీగ ఉంది. లోతు లేదు. ఆఫీసరుకు చెప్పవద్దు. నీ తమ్ముడు," అని చదివాను.

"తమ్ముడు అని కూడా రాసినాడా?"

రాశాడన్నాను.

"మనోడు రాసినాడు గదా అని ఈడనే మొదులు పెట్టినానమ్మా," అన్నారు ఆయన.

సాయంత్రం మా ఆయన కారైకాల్ నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుంటూ, అన్న పలక చూశాడా అని అడిగాడు. చూశాడు, బొట్టు పెట్టి దాని పక్కనే పార దించాడు అన్నాను. నవ్వాడు, నేను ఎకసెక్కం ఆడుతున్నాననుకుని. తర్వాత నా ముఖం చూశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చేతిలో చెంబు ఒరిగిపోయింది. నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. అన్న తెలుగాయనే కదే అన్నాడు. ఆఫీసరు ముందు విప్పని నోరు నా ముందు విప్పకు అన్నాను. మొగుణ్ణి అంత మాట నేనెప్పుడూ అనలేదు. ఆ రోజు అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు.

లోపలి వాటాలోంచి పిలుపు వచ్చింది. "తమ్ముడా, వచ్చినావా? ఇట్ల రా."

ఆయన వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. బావగారు చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు, పక్కన అక్క కాఫీ లోటాతో ఉంది. కూర్చోమన్నారు. మా ఆయన కూర్చోలేదు. తిడతారని, కొడితే కొడతారని సిద్ధపడే వచ్చాడు. నేనూ అదే కోరుకున్నాను, ఎంతో కొంత తేలికయ్యేది.

"రేపు ఆఫీసరు వస్తాడు. ఆ తీగ యాడ నుంచి యాడికి పోతాదో ఆయన ముందర నువ్వే నడిచి చూపించాల," అన్నారు బావగారు. "ఏదీ రాయగాకు. నోటితో చెప్పు."

అన్నా, నా ఉద్యోగం అని మా ఆయన నోరు తెరిచాడు. అప్పుడు అక్క లోటా ఎత్తి బావగారి నోటికి అందించింది, పసిపిల్లలకు పట్టినట్టు. ఆయన చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. పొద్దుటి నుంచీ అవి వణుకుతూనే ఉన్నాయట, గ్లాసు నిలవడం లేదట. అక్క ఆ మాట మమ్మల్ని చూడకుండానే చెప్పింది.

నూకరాజు ఆ చేతుల వంక చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని, అక్క దగ్గర్నుంచి లోటా తను అందుకుని, నేనే చెబుతానన్నా అన్నాడు.